మీకు తెలుసా? ఉప్పునీటి అక్వేరియంలో రాయి నిలబడాలంటే...

ఉప్పునీటి అక్వేరియంలో చేపల కన్నా, పగడాల కన్నా ముందు కుదురుకోవాల్సింది రాయి. పగడాలు పెరిగేది దాని మీదే, చేపలు దాక్కునేది దాని సందుల్లోనే, నీళ్లు శుభ్రపడేదీ చాలావరకు దానివల్లే. అది కాస్త జారితే ఏళ్ల తరబడి పెంచుకున్న పగడం విరుగుతుంది, చేప నలిగిపోతుంది, ఒక్కోసారి అద్దమే పగులుతుంది. జిగురు ఎంత గట్టిదైనా సాయం మాత్రమే. రాయి తన కుదురు మీద తాను నిలబడాలి. ఆ కుదురు గురించి కొన్ని సంగతులు ఇవి.

నీళ్లలో తేలిక, బయటికొస్తే బరువు

పది కిలోల గట్టి సున్నపురాయి ఉప్పునీళ్లలో మునిగితే ఆరు కిలోల పైచిలుకే తూగుతుందని మీకు తెలుసా? ఆ రాయి పరిమాణం సుమారు 3.7 లీటర్లు. అది పక్కకు తోసే సముద్రపు నీటి బరువు 3.8 కిలోలు. ఆ మేరకు బరువును నీరే మోస్తుంది. అందుకే నీళ్లలో నిక్షేపంగా ఉన్న అతుకు, నీళ్లు మార్చడానికి మట్టం తగ్గించగానే ఊడిపోతుంటుంది. గాలిలోకి వచ్చిన భాగానికి పోయిన బరువంతా తిరిగి వస్తుంది, రంధ్రాల్లో నిలిచిన నీటి బరువు దానికి తోడవుతుంది. ముందుకు పొడుచుకొచ్చే రాయిని ముందుగా ట్యాంకు బయట నిలబెట్టి చూడాలి. బయట ఆగనిది లోపల ఆగుతుందని నమ్మకూడదు.

ముందు రాయి, తర్వాత ఇసుక

ఇసుక పరిచి దాని మీద రాళ్లు పేరిస్తే చూడటానికి బాగుంటుంది. చిక్కల్లా ఇసుక తవ్వే ప్రాణులతోనే. కొన్ని గోబీ చేపలు, జాఫిష్‌లు, కొన్ని రకాల రొయ్యలు రాయి కిందే ఇల్లు చేసుకుంటాయి. అడుగున ఇసుక ఖాళీ అయ్యేకొద్దీ రాయి ఒరుగుతుంది, తవ్విన ప్రాణి దాని కిందే చిక్కుకుంటుంది. అందుకే అనుభవజ్ఞులు అడుగు రాళ్లను నేరుగా ట్యాంకు అడుగుకు ఆనించి, ఆ తర్వాతే చుట్టూ ఇసుక పోస్తారు. మొనదేలిన రాయి బరువంతా అద్దం మీద ఒకేచోట పడకుండా అడుగును చదును చేస్తారు, కింద పలుచని యాక్రిలిక్ షీటు వేస్తారు.

చిటికె వేసే రొయ్య

తవ్వేవాళ్లలో మేటి పిస్టల్ రొయ్య. పొడవు కొన్ని సెంటీమీటర్లే. కానీ దాని పని చూడాలి. కాస్త ఇసుకను గుంట లోంచి ముందుకు నెట్టుకొస్తుంది, గుమ్మం బయట పారబోస్తుంది, మళ్లీ లోపలికి పోతుంది. గవ్వ ముక్కలు ఏరి గోడలకు దన్ను పెడుతుంది. దానికి చూపు అంతంతమాత్రం. అందుకని బయటికి వచ్చినంతసేపూ తనతో కలిసి ఉంటూ కాపలా కాసే గోబీ చేప ఒంటిమీద తన మీసం ఆనించి ఉంచుతుంది. చేప తోక అల్లాడించిందంటే ప్రమాదమని అర్థం. రొయ్య వెంటనే లోపలికి జారుకుంటుంది. పెద్ద కొండిని మూసినప్పుడు వచ్చే టప్పుమనే చప్పుడు కొండి తగలడం వల్ల కాదు, ఆ వేగానికి నీళ్లలో పుట్టిన బుడగ కుప్పకూలడం వల్ల అని 2000లో శాస్త్రవేత్తలు తేల్చారు. కూలే క్షణంలో బుడగ లోపలి వేడి కనీసం 5,000 కెల్విన్లకు చేరుతుందని మరుసటి ఏడాది కనుగొన్నారు. ఇలాంటి రొయ్యను పెంచుతున్నారంటే రాళ్లు ఇసుక మీద ఆధారపడి ఉండనే కూడదు.

మూడు చోట్ల ఆనితే చాలు

కట్టెల పొయ్యికి మూడు రాళ్లెందుకు పెట్టేవారో అక్వేరియంలోనూ అదే లెక్క. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా మూడు చోట్ల ఆనినది ఊగదు. నాలుగు చోట్ల ఆనినదాంట్లో ఒకటి పొట్టిదైతే మొత్తం ఊగుతుంది. పై రాయిని కింది రాళ్ల మీద పెట్టేటప్పుడు మూడు ఆనికలు దొరికేదాకా తిప్పి చూడాలి. ఆ మూడింటి నడుమనే పై రాయి బరువు దిగాలి.

నీళ్లు తగిలితేనే గట్టిపడే జిగురు

సూపర్ గ్లూ ఆరేది గాలికి కాదు, తేమకు. దాని రసాయనం పేరు సైనోఅక్రిలేట్. 1942లో అమెరికాలోని కోడాక్ సంస్థలో తుపాకీ గురిచూసే పరికరానికి పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతుండగా హ్యారీ కూవర్ బృందానికి ఇది తగిలింది. ముట్టుకున్నదానికల్లా అంటుకుంటోందని అప్పట్లో పక్కన పెట్టేశారు. 1958లో అదే గుణాన్ని చూపించి అమ్మకానికి తెచ్చారు. సముద్రపు నీరు కాస్త క్షారగుణం కలది కాబట్టి అందులో ఈ జిగురు మరీ త్వరగా బిగుస్తుంది, పైన క్షణాల్లో పొర కడుతుంది. నొక్కి, కొద్దిగా తిప్పితే ఆ పొర పగిలి లోపలి జిగురు రాతికి పడుతుంది. కారిపోయే రకం కాకుండా జెల్ రకం వాడాలి. దూది, నూలు గుడ్డ మాత్రం దీనికి తగలనివ్వకండి. బాగా వేడెక్కి చేతులు కాలతాయి, ఘాటైన పొగ వస్తుంది.

పైన జిగురు, కింద జిగురు, నడుమ పుట్టీ

రెండు ముద్దలు కలిపి పిసికే ఎపాక్సీ పుట్టీ ఆరాక రాయంత గట్టిగా ఉంటుంది గానీ, తడి రాతిని వెంటనే పట్టుకోదు. సూపర్ గ్లూ వెంటనే పట్టుకుంటుంది గానీ, రెండు గరుకు రాళ్ల మధ్య ఖాళీని నింపలేదు. అందుకే పుట్టీ ముద్దకు రెండు వైపులా జెల్ పూసి మధ్యలో పెట్టి అదుముతారు. ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. పుట్టీ వాడిన రోజు, నీటి మలినాలను నురగగా తీసే ప్రొటీన్ స్కిమ్మర్ పొంగి పొర్లడం మామూలే, కాసేపు ఆపి ఉంచితే సరిపోతుంది. పుట్టీ అక్వేరియానికి పనికొచ్చేదని డబ్బా మీద ఉందో లేదో చూసి కొనండి.

ఇనుము వద్దు, రాగి అసలే వద్దు

బరువైన కమానులు కట్టాలంటే రాతికి రంధ్రం చేసి కడ్డీ దూర్చడమే మేలు. ఆ కడ్డీ యాక్రిలిక్‌దో ఫైబర్‌గ్లాస్‌దో కావాలి. ఇనుము ఉప్పునీళ్లలో తుప్పు పడుతుంది. రాగి, రాగి కలిసిన ఇత్తడి ఇంకా ప్రమాదం. చాలా కొద్ది మోతాదు రాగి కూడా రొయ్యలను, నత్తలను, పగడాలను చంపేస్తుంది. సిమెంటుతో అతికిన రాళ్లయితే సున్నం ఊరి నీటి పీహెచ్ పెరుగుతుంది. వాటిని వారాల తరబడి నానబెట్టి, నీళ్లు మారుస్తూ ఉన్నాకే వాడాలి.

గోడ కట్టకండి, నీళ్లు తిరిగే దారి ఉంచండి

జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ 1961లోనే సముద్రపు రాళ్లు, గాలి బుడగల సాయంతో ఉప్పునీటి ట్యాంకును నడపవచ్చని రాశారు. ఎందుకంటే రాతి మీదా రంధ్రాల్లోనూ బతికే బ్యాక్టీరియా చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రేట్‌గా మారుస్తుంది. నీరు తిరగకపోతే ఆ పని సాగదు, మడ్డి పేరుకుంటుంది. కదలకూడదని రాళ్లను గోడలా దగ్గర దగ్గరగా పేర్చడం కన్నా, తక్కువ రాళ్లను గట్టిగా కట్టి సందులు వదలడం మంచిది.

రాయి మీది విషం

రాతి మీద గుండ్రని బొత్తాల్లా పరుచుకునే జోయాంథిడ్లనే సముద్రజీవుల్లో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. హవాయిలో దొరికిన పాలీథోవా అనే జోయాంథిడ్ నుంచి 1971లో దీన్ని వేరుచేశారు. అలాంటి రాయిని విరగ్గొట్టాల్సి వస్తే చేతికి తొడుగు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. వేడినీళ్లు పోయడం, ఉడకబెట్టడం ఎంతమాత్రం చేయకండి. ఆవిరితో పాటు విషం ఇంట్లో అందరి ఊపిరిలోకీ పోతుంది.

సముద్రంలోనూ ఇదే తిప్పలు

ఇండోనేషియాలో బాంబులు పేల్చి చేపలు పట్టిన చోట పగడపు దిబ్బలు ముక్కలైపోయాయి. అలలకు దొర్లే ఆ ముక్కల మీద పగడపు పిల్లలు నిలదొక్కుకోలేవు. సులవేసి దగ్గర ఇసుక పూత పూసిన ఆరు కోణాల ఉక్కు చట్రాలను ఒకదానికొకటి కట్టి అడుగున పరిచారు, వాటికి పగడపు కొమ్మలు బిగించారు. నాలుగేళ్లలో అక్కడి దిబ్బ పెరిగే వేగం ఆరోగ్యమైన దిబ్బలతో సమానమైందని 2024లో వెలువడిన అధ్యయనం తేల్చింది. అడుగు కదలడం ఆగితే పగడం తన పని తాను చేసుకుపోతుంది.

మన దగ్గర ఏ రాయి?

దిబ్బలు కట్టే పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. మన సముద్రం నుంచి వాటిని, వాటితో ఉన్న రాళ్లను తీయడం, అమ్మడం నేరం. మన ఇళ్లలోని ట్యాంకులకు మనుషులు తయారుచేసిన పొడి రాళ్లే దారి. దీన్ని లోటు అనుకోనక్కర్లేదు. నీళ్లు, ప్రాణులు లేవు కాబట్టి తొందరా లేదు. ట్యాంకు అడుగు కొలతకు అట్టముక్క కోసి బల్ల మీద పరవండి. అద్దం తుడిచే చెయ్యి పట్టేంత చోటు చుట్టూ వదిలి, కట్టడమంతా దాని మీదే కట్టండి. ఒక రోజు ఆరనిచ్చి అరచేత్తో నాలుగు వైపుల నుంచీ తట్టి చూడండి. ఊగితే జిగురు పెంచకండి, రాయి ఆనే చోటు మార్చండి.