కాటా గది నుండి కార్యాలయానికి

గుంటూరు నుండి నరసరావుపేట పోయే త్రోవలో నల్లపాడు ఉన్నది. గుంటూరు నుండి వచ్చిన రైలుదారి అక్కడే రెండుగా చీలి, ఒకటి నడికుడి వైపునకు, మరొకటి నరసరావుపేట మీదుగా నంద్యాల వైపునకు సాగిపోతున్నది. మాఘ ఫాల్గుణాలు వచ్చినవంటే ఈ ప్రాంతపు బాటలన్నీ మిరప టిక్కీల లారీలతో నిండిపోతవి. ఆ ఘాటుకు దారిన పోయేవాడు కూడ తుమ్మక తప్పదు. రైతుల కార్యక్రమానికై ధ్వనిముద్రణ చేయుటకు అక్కడి ఒక శీతల గిడ్డంగికి వెళ్ళినప్పుడు నేను చూచిన ఒక చిక్కే ఈనాటి ప్రసంగానికి మూలం.

గేటు దగ్గర లారీ కాటా ఉన్నది. ప్రక్క గదిలో బరువును అంకెలలో చూపే పెట్టె ఉన్నది. రసీదు వ్రాసే కంప్యూటర్ మాత్రం ఎనభై మీటర్ల దూరాన, కార్యాలయంలో ఉన్నది. నడుమ ఒక తీగ పరచినారు. సరుకు దింపిన పిమ్మట ఒక ఖాళీ లారీని కాటా ఎక్కించినారు. పెట్టెలో 5,040 కిలోలని కనుపించింది. సరిగా అదే క్షణాన గిడ్డంగిని చల్లబరచే కంప్రెసరు మోటారు అందుకొన్నది. కార్యాలయంలో 5,840 అని పడింది! ఖాళీ బండి బరువు పెరిగితే సరుకు బరువు తరుగుతుంది గదా. టిక్కీకి 45 కిలోల చొప్పున చూచినా సుమారు పదునెనిమిది టిక్కీల మిరప మాయమైనట్లే. రైతు గుమాస్తాను అనుమానించినాడు, గుమాస్తా కంప్యూటర్‌ను తిట్టినాడు. చివరకు పెట్టెలోని అంకెను చూచి రసీదు దిద్దినారు.

సున్నా ఎనిమిది ఎట్లు అయినది? కంప్యూటర్ సంకేత భాషలో ప్రతి అంకెకూ ఏడు గుర్తుల వరుస ఒకటి ఉన్నది. సున్నాకు 0110000, ఎనిమిదికి 0111000. భేదం ఒక్క గుర్తే. సామాన్యంగా వాడే వేగంలో సెకనుకు 9,600 గుర్తులు తీగపై పోతవి. అనగా ఒక్కొక్క గుర్తు ఆయుర్దాయం సెకనులో సుమారు పదివేలవ వంతు. అంతసేపు తీగలో అలజడి కలిగితే చాలును.

ఆ తీగ అనుసరించిన పద్ధతిని ఆర్.ఎస్. 232 అంటారు. అది 1960లో అమెరికాలో ఏర్పడింది. 1969 నాటి సవరణ దీనికి దాదాపు పదిహేను మీటర్ల పొడవు చాలునని సూచించింది. ఇందులో ప్రతి సంకేతానికీ ఒకే తీగ. దాని వోల్టేజిని అన్నిటికీ ఉమ్మడియైన మరొక తీగతో పోల్చి చూస్తారు. ఎనభై మీటర్ల దూరంలో రెండు కష్టాలు వస్తవి. పొడవు పెరిగిన కొద్దీ తీగ తనలో నిలువ చేసుకొనే విద్యుదావేశం పెరిగి, గుర్తుల అంచులు మొద్దుబారుతవి. వేగం తగ్గిస్తే ఇది కొంత సర్దుకొంటుంది. రెండవది గడ్డు సమస్య: గేటు దగ్గరి భూమికీ కార్యాలయపు భూమికీ విద్యుత్ మట్టం ఒకటిగా ఉండదు. మోటారు అందుకొన్నప్పుడు ఆ తేడా మరింత ఊగిసలాడుతుంది. కొలబద్దయే కదలుతూ ఉంటే కొలత ఎట్లు నిలుస్తుంది?

రేడియోవారికి ఇది పాత చిక్కే. సభామందిరంలోని మైక్రోఫోను నుండి దూరాన ఉన్న యంత్రానికి ధ్వని పోవలెనంటే మేము జంట తీగలు వాడుతాము. ఒకదానిలో సంకేతం పైకి లేచినప్పుడు రెండవదానిలో క్రిందికి దిగుతుంది. అవతలివైపు యంత్రం ఆ రెంటి తేడాను మాత్రమే గ్రహిస్తుంది. బయటి అలజడి రెంటిపైనా సమానంగా పడుతుంది గనుక తేడాలోకి రాదు. రెండు తీగలూ అట్లు సమానంగా తడవవలెనంటే నూలుకు పురిపెట్టినట్లు వాటిని పెనవేయవలెను. ఈ పెనవేత ఉపాయానికి టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ 1881లోనే పేటెంటు పొందినాడు.

కంప్యూటర్ పరికరాలకు ఇదే సూత్రాన్ని వర్తింపజేసిన ఆర్.ఎస్. 485 పద్ధతి 1983లో వచ్చింది. జంట తీగల మధ్య వోల్టులో అయిదవ వంతు తేడా ఉన్నా అవతలి యంత్రం గుర్తుపడుతుంది. వేగం మితంగా ఉంటే 1,200 మీటర్ల వరకు నడుస్తుంది. తీగ రెండు కొసలా 120 ఓముల నిరోధకాలు బిగించవలెనని, లేకున్న సంకేతం ప్రతిధ్వనిస్తుందని పుస్తకాలు చెప్పుతవి. ఎనభై మీటర్లకు, ఇంత మంద వేగానికి, అది లేకున్నా ముంచుకొచ్చేది లేదని నా అభిప్రాయం. పిడుగు సంగతి అట్లు కాదు. జంట తీగ కూడ భూమట్టాలలో కొద్ది వోల్టుల తేడానే ఓర్చగలదు. అందుచేత నడుమ కాంతి ద్వారా సంకేతాన్ని దాటించి, విద్యుత్తుకు దారి తెంపే మార్పిడి పెట్టెలు కొనుట మేలు. దగ్గరలో పడిన పిడుగుకు అవియు ఆగవు. దానికి వేరే రక్షణ కావలెను.

రసీదు అచ్చువేసే ప్రింటరును గేటు దగ్గర పెట్టరాదా అని యజమాని అడిగినాడు. దాని యు.ఎస్.బి. తీగ అయిదు మీటర్లు దాటరాదు. అడిగినదానికి బదులు నియమిత కాలంలో రావలెనని అందులో ఒక కట్టుబాటు ఉన్నది. నెట్‌వర్కు ప్రింటరైతే పురి తీగపై నూరు మీటర్ల వరకు పోవచ్చును.

మరి రెండు వారాలకు మళ్ళీ వెళ్ళినాను. పాత తీగ తీసి, మోటారు తీగలకు ఎడంగా పురి తీగ పరచి, రెండు కొసలా మార్పిడి పెట్టెలు అమర్చినారు. ఒక గుర్తు తారుమారైతే పట్టి ఇచ్చే పారిటీ అనే తనిఖీని అంతకు ముందు ఎవరో తీసివేసి ఉండగా, దానిని కూడ తిరిగి పెట్టినారు. గుమాస్తా మాత్రం పెట్టెలోని అంకెను పెన్సిలుతో నోటుపుస్తకంలో వ్రాసుకొని, కార్యాలయానికి పోయి సరిచూచుకొంటున్నాడు. నేనున్న గంటలో మోటారు మూడుసార్లు అందుకొన్నది. మూడుసార్లూ రెండు అంకెలూ ఒకటిగానే ఉన్నవి.