కేబుల్ ఫ్యాక్టరీ కళాకారుల లోగిలి అయిన వైనం

మూతపడిన ఫ్యాక్టరీ ఎలా ఉంటుందో మన పల్లెలవారికి వేరే చెప్పనక్కరలేదు. గేటుకు తాళం, ఆవరణలో సర్కారు తుమ్మ, రేకులు లేచిపోయిన షెడ్లు. యంత్రాలు తుక్కు కింద పోతాయి. కొన్నేళ్లకు స్థలం ప్లాట్లవుతుంది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో సముద్రపు ఒడ్డున ఉన్న ఒక కేబుల్ ఫ్యాక్టరీకీ దాదాపు ఇదే గతి పట్టబోయింది. దాన్ని ఆపినవారు అందులో అద్దెకున్న చిత్రకారులు, శిల్పులు, నాట్యకారులు కావడం విశేషం.

ఒకప్పుడు ఊరూరా జనం చేతుల్లో కనిపించిన నోకియా ఫోనుకూ ఈ ఫ్యాక్టరీకీ చుట్టరికం ఉంది. 1865లో కాగితపు గుజ్జు మిల్లుగా పుట్టిన నోకియా, ఒక రబ్బరు కంపెనీ, ఈ కేబుల్ కంపెనీ 1967లో కలిసి ఒకే సంస్థ అయ్యాయి. తర్వాత ఫోన్ల దాకా నడిపించిన ఎలక్ట్రానిక్స్ విభాగం 1960లో మొదలైంది కేబుల్ కంపెనీలోనే.

భవన నిర్మాణం 1939లో మొదలై దశలవారీగా 1954 వరకు సాగింది. పూర్తయ్యేనాటికి ఫిన్లాండ్‌లో అంతటి కట్టడం మరొకటి లేదు. అంతస్తులన్నీ కలిపితే 50,000 చదరపు మీటర్ల పైమాటే. మన లెక్కలో 12 ఎకరాలు దాటుతుంది. టెలిఫోను తీగలు, కరెంటు కేబుళ్లు, సముద్రం అడుగున వేసే కేబుళ్లు ఇక్కడ తయారయ్యేవి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫిన్లాండ్ సోవియట్ యూనియన్‌కు 1952 వరకు సరుకుల రూపంలో నష్టపరిహారం చెల్లించింది. ఆ సరుకుల్లో కేబుళ్లూ ఉన్నాయి. ఆ కాలంలో కంపెనీకి అధిపతి వెర్నర్ వెక్‌మన్ అనే ఇంజనీరు. ఆయన 1908 లండన్ ఒలింపిక్స్‌లో కుస్తీలో బంగారు పతకం గెలిచిన మల్లుడు కూడా!

1980లలో నోకియా కేబుళ్ల తయారీని నగరానికి పశ్చిమాన ఉన్న పిక్కల అనే చోటికి తరలించింది. ఖాళీ అయిన గదులను ఊరికే ఉంచడమెందుకని తాత్కాలికంగా అద్దెకిచ్చింది. కళాకారులకు అంతకన్నా కావలసిందేముంది? ఎత్తైన కప్పు, వెలుతురు నింపే పెద్ద కిటికీలు, టన్నుల బరువు మోసే నేల. శిల్పి రాయి చెక్కినా, వాద్యకారుడు రాత్రిదాకా డప్పు కొట్టినా గోడ అవతలివాడు వచ్చి తలుపు తట్టడు. మామూలు ఇళ్లలో దొరికే వసతులు కావివి.

అద్దెదారుల ఎదురు ప్లాను

అయితే నోకియాకూ నగర పాలకులకూ 1987లోనే ఒప్పందం కుదిరింది. భవనం నగరానికి వస్తుంది. కొంత పడగొట్టి, మిగిలింది ముక్కలు చేసి బడి, హోటలు, ఇళ్లు, కార్లు నిలిపే చోటు కట్టాలన్నది ఆలోచన. 1990లో అద్దెదారులు ‘ప్రో కాపెలి’ అనే సంఘం పెట్టుకున్నారు. ‘కాపెలి’ అంటే వారి భాషలో కేబులే. అద్దె కాగితం తప్ప వారికి ఏ హక్కూ లేదు. కానీ వారిలో ఆర్కిటెక్టులు ఉన్నారు. భవనాన్ని కూల్చవద్దని వేడుకోవడంతో సరిపెట్టక, చెక్కు చెదరకుండా ఉంచితే ఎలా వాడుకోవచ్చో ఎదురు ప్లాను గీసి పాలకుల ముందు పెట్టారు. 1991లో నగరం మనసు మార్చుకుంది. తానే యజమానిగా ఒక కంపెనీ ఏర్పాటు చేసి భవనాన్ని దానికి అప్పగించింది.

అసలు కీలకం ఈ చివరి మాటలోనే ఉంది. న్యూయార్క్‌లోని సోహో పేటలో కూడా పాత ఫ్యాక్టరీ అంతస్తుల్లో 1960లలో కళాకారులు చేరారు. వారివల్ల పేటకు పేరొచ్చింది. పేరు వెంట అద్దెలు పెరిగాయి, ఖరీదైన దుకాణాలు దిగాయి, చాలామంది కళాకారులు మూట సర్దుకున్నారు. హెల్సింకిలో భవనం అమ్మకానికి లేదు. అలాగని ఉచితమూ కాదు. స్టూడియోల అద్దెలు, కచేరీలకూ ప్రదర్శనలకూ ఇచ్చే హాళ్ల కిరాయి కలిపి కంపెనీ తన నిర్వహణ ఖర్చు తానే రాబట్టుకుంటుంది. వాటిలో పెద్ద హాలును ఇప్పటికీ ‘సముద్ర కేబుల్ హాలు’ అనే పిలుస్తారు.

నేడు అక్కడ స్టూడియోలతో పాటు ఫొటోగ్రఫీ మ్యూజియం, నాటకరంగ మ్యూజియం, హోటళ్ల మ్యూజియం ఉన్నాయి. కేబుల్ కార్మికుల స్థానంలో వందలాది మంది వేరే పనులకు రోజూ వస్తున్నారు. పాత గ్యాస్ ఫ్యాక్టరీ, విద్యుత్ కేంద్రం ఉన్న సువిలహ్తి ప్రాంతాన్ని కూడా 2008లో నగరం ఇదే కంపెనీకి అప్పగించింది. కేబుల్ ఫ్యాక్టరీకి ఆనించి కట్టిన నాట్య భవనం 2022 ఫిబ్రవరిలో తెరుచుకుంది.