యానాం పరిసరాల కాగితపు కందిరీగలు: గుర్తింపు, నామకరణం, విస్తృతి

పెంకుటిళ్ల చూరుల క్రింద, కొబ్బరి మట్టల అడుగున, కోకో కొమ్మలకు తలక్రిందులుగా వ్రేలాడే బూడిదరంగు గూళ్లను గోదావరి డెల్టాలో ఎరుగనివారు అరుదు. ఎండిన కర్రపేళ్ల నుండి, మొక్కల కాడల నుండి గీరిన పీచును లాలాజలంతో నమిలి ఈ కీటకాలు తమ గూటికి కాగితం తయారుచేసుకొంటాయి. కొబ్బరి దింపు తీసేవారికి ఇవన్నీ ఒక్కటే, కందిరీగలు. చెట్టెక్కే ముందు మంట పెట్టవలసినవి. వారిని తప్పుపట్టలేము. అయితే క్షేత్ర నివేదికలలో మనమూ ‘కందిరీగలు’ అన్న ఒక్క మాట వ్రాసి ముందుకు సాగిపోతున్నాము. తమ డింభకాలకు గొంగళి పురుగులను నమిలి తినిపించే ఒక పరభక్షక వర్గాన్ని పేరు లేకుండా వదలివేయడం సస్యరక్షణ దృష్ట్యా చిన్న లోపం కాదు.

మొదట తేల్చుకోవలసినది గూటిని బట్టి. కాగితపు కందిరీగల గూడు సన్నని కాడకు వ్రేలాడే ఒకే పలక. షట్కోణపు గదుల నోళ్లు, వాటిలోని గ్రుడ్లు, డింభకాలు క్రింది నుండి బాహాటంగా కనిపిస్తాయి. చెట్లపై పెద్ద బుర్రవలె, చుట్టూ కాగితపు పొరతో మూసి ఉన్న గూడు వెస్పా అఫినిస్ వంటి పెద్ద కందిరీగలది. నల్లని శరీరంపై మొదటి రెండు ఉదర ఖండాలు నారింజ పసుపు రంగులో ఉండే ఈ జాతి గుంపుగా కుట్టినప్పుడు ప్రాణాపాయం కలుగవచ్చు. రైతుకు చేసే హెచ్చరిక దీనికే పరిమితం కావాలి. ఎత్తు కొమ్మపై, మనిషి రాకపోకలకు దూరంగా ఉన్న తెరచిన గూటిని కాల్చనవసరం లేదు. ఇంకొక విశేషమేమంటే, వెస్పా ట్రోపికా అనే మరొక పెద్ద కందిరీగ ఈ కాగితపు గూళ్లపైనే దాడి చేసి డింభకాలను ఎత్తుకుపోతుంది.

వర్గీకరణలో ఇవి వెస్పిడే కుటుంబంలోని పోలిస్టినే ఉపకుటుంబానికి చెందుతాయి. విశ్రాంతి సమయంలో ముందు రెక్కలు నిలువుగా మడతపడి ఉండడం, సంయుక్త నేత్రపు లోపలి అంచు నొక్కుపడి ఉండడం ఈ కుటుంబపు ఆనవాళ్లు. మట్టిగూళ్లు కట్టే ఒంటరి కందిరీగల కాలిగోళ్లు చీలి ఉంటాయి; పోలిస్టినేలో చీలిక ఉండదు. ఇక మన ప్రాంతంలో ముఖ్యమైన ప్రజాతులు రెండు. పోలిస్టిస్‌లో ఉదరం కదురు ఆకారంలో క్రమంగా లావై, మరల క్రమంగా సన్నబడుతుంది. రోపాలిడియాలో మొదటి ఖండం సన్నని కాడవలె ఉండి, రెండవ ఖండం పెద్దదై, దాని పై ఫలకమూ క్రింది ఫలకమూ ఒకటిగా అతుక్కొని ఉంటాయి. తక్కిన ఖండాలు దాని లోపలికి ముడుచుకొంటాయి. భూతద్దం చేతిలో ఉన్న విద్యార్థి ఈ ఒక్క లక్షణంతో ప్రజాతిని నిర్ణయించగలడు.

జాతి దగ్గరకు వచ్చేసరికి చిక్కులు మొదలవుతాయి. యానాంలో సేకరణకు పూనుకొనేవారు ముందుగా ఎదురుచూడవలసినవి నాలుగు. పసుపు మేనిపై గోధుమ గుర్తులు గల పెద్దది పోలిస్టిస్ ఒలివేసియస్. రెక్క కొనవద్ద ముదురు మచ్చ గలది పోలిస్టిస్ స్టిగ్మా. ఎర్రని గోధుమ రంగు శరీరంపై, ఉదరం రెండవ ఖండపు అంచున పసుపు పట్టీ గలది రోపాలిడియా మార్జినేటా. దాని పేరుకు అర్థమే ‘అంచు గలది’. నాల్గవది రోపాలిడియా సయాథిఫార్మిస్. చివరి రెండింటినీ రంగును నమ్మి వేరుచేయరాదు. మొదటి ఉదర ఖండపు ఆకృతిని ప్రక్క నుండి, పై నుండి చూసి, సరిచూసిన నమూనాతో పోల్చవలసిందే. ఈ భేదం పట్టించుకోదగినదా అని విద్యార్థులు తరచు అడుగుతారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గడగ్కర్ దశాబ్దాల పాటు జరిపిన పరిశోధనలే సమాధానం. మార్జినేటాలో రాణి సాధు స్వభావి, రసాయన సంకేతంతో తన ఉనికిని తెలుపుతుంది. సయాథిఫార్మిస్‌లో రాణి దూకుడుగా ప్రవర్తిస్తుంది. పేరు తారుమారైతే పరిశీలన అంతా తారుమారే. మార్జినేటాలో రాణికీ పనికత్తెలకూ రూపభేదం లేదు కనుక, గూటిలోని పెద్ద ఆడకీటకాన్ని రాణిగా వ్రాయడం కూడా తగదు. మగవానికి స్పర్శశృంగంలో 13 ఖండాలు, ఆడదానికి 12.

పాత గ్రంథాలు చదివేటప్పుడు పేర్ల మార్పులను గుర్తుంచుకోవాలి. బింగ్‌హామ్ 1897లో వెలువరించిన సంపుటంలో రోపాలిడియాలు ‘ఇకేరియా’ క్రింద, ఒలివేసియస్ ‘హెబ్రేయస్’ అన్న పేరుతో కనిపిస్తాయి. 1989లో దాస్, గుప్తా ప్రచురించిన భారతదేశపు సాంఘిక కందిరీగల గ్రంథాన్ని ప్రక్కన పెట్టుకొని చదివితే ఈ ముడి విడుతుంది. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో కూర్చొని గమనిస్తే మరొకటి తడుతుంది: పోలిస్టిస్‌కు 1802లో పేరు పెట్టిన లాత్రేయి, రోపాలిడియాకు 1831లో పేరు పెట్టిన గెరాఁ-మెన్విల్, మార్జినేటాను 1836లో వర్ణించిన లెపెల్తియే ముగ్గురూ ఫ్రెంచివారే. ఇది కాకతాళీయమే తప్ప వేరు సంబంధమేమీ లేదు.

విస్తృతి విషయంలో యానాం ఒక హెచ్చరిక వంటిది. రాష్ట్రాల వారీగా వ్రాసే జాబితాలో ఇక్కడి నమూనా ‘పుదుచ్చేరి’ పద్దులో చేరుతుంది. ఆ పద్దులోనే కోరమాండల్ తీరంలోని పుదుచ్చేరి పట్టణం, కావేరీ డెల్టాలోని కారైకాల్, మలబారు తీరంలోని మాహే కూడా ఉన్నాయి. సుమారు 30 చదరపు కిలోమీటర్ల యానాం గౌతమీ తీరంలో, కోరింగ మడ అడవుల చేరువలో ఉన్నది. వంతెన దాటితే ఎదుర్లంక, అక్కడి నుండి ఆంధ్రప్రదేశ్. కందిరీగకు ఈ సరిహద్దు తెలియదు. పటంలో మాత్రం ఆ చుక్క వందల కిలోమీటర్ల దూరాన తమిళనాడు ప్రక్కన పడే ప్రమాదమున్నది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగిన తరువాత ‘తూర్పు గోదావరి’ అన్న పాత లేబులు కూడా అదే స్థలాన్ని సూచించదు. నాటి జిల్లాలోని ఈ భాగం నేడు కాకినాడ, కోనసీమ జిల్లాలలో ఉన్నది.

కాబట్టి లేబులుపై ఊరి పేరుతోపాటు అక్షాంశ రేఖాంశాలు (యానాంకు సుమారు 16°44′ ఉత్తరం, 82°13′ తూర్పు), తేదీ, సేకరించినవారి పేరు, గూడు ఉన్న చెట్టు లేదా కట్టడం, నేల నుండి దాని ఎత్తు ఉండాలి. కీటకాలన్నీ గూటిపై ఉండే తొలి వెలుగులో గాని, పొద్దుగ్రుంకిన తరువాత గాని సేకరణ చేయడం మేలు. కొన్నింటిని సూదికి గ్రుచ్చి, కొన్నింటిని డీఎన్‌ఏ పరీక్షల కొరకు గాఢ ఇథైల్ ఆల్కహాలులో ఉంచి, ఖాళీ గూటికి కూడా అదే సంఖ్య వేసి అట్టపెట్టెలో భద్రపరచాలి.