జీపుబండికి టైర్ల యెంపిక

గృహిణి యిత్తడిబిందెను గొనునప్పుడు మీటి చూచును. చీర గొనునప్పుడు అంచు త్రిప్పి చూచును. బండికి టైర్లు కొనునప్పుడు మాత్రము "అది మగవారి పని" యని దూరముగా నిలుచును. ఆ బండిలో వెనుక సీటున బిడ్డల నొడిలో నుంచుకొని కూర్చుండునది తానే యని మఱచును. మేమును ఇట్లే మఱచి యుంటిమి.

మా యత్తవారిల్లు జనగామ. మా వారి బడి మహబూబాబాదున. మా చెల్లెలిని భూపాలపల్లి కిచ్చినారు. ఈ మూడూళ్ళ నడుమ తిరుగుటకును, పొలమునకు పోవుటకును మా మరిది కొన్న ఫోర్ వీల్ జీపుబండి యొకటి యింట గలదు. ఒక వానకాలమున చెల్లెలి గృహప్రవేశమునకై మహబూబాబాదునుండి బయలుదేరితిమి. నర్సంపేట దాటిన పిమ్మట తుంపర మొదలయ్యెను. కొంచెము మెల్లగా పొమ్మంటిమి. "వదినె, మన బండికి ఫోర్ వీల్ ఉన్నది గదా, భయమెందుకు?" అని మరిది ధైర్యము చెప్పెను. ఇంతలో మలుపున నొక గేదె యడ్డము వచ్చెను. బ్రేకు త్రొక్కినను బండి నిలువక, ప్రక్కకు జారి, చేని గట్టును తాకి ఆగెను. ఎవ్వరికిని గాయము కాలేదు. కాని యొడిలోని చిన్నదాని గుండె దడదడ కొట్టుకొనుట మా చేతి కింకను జ్ఞాపకమున్నది.

మఱునాడు టైర్లు బాగుచేయు నొక ముసలి పనివానికి బండిని చూపితిమి. టైర్లపై గళ్ళు చాలవఱకు నిలిచియే యున్నవి. అతడు టైరు ప్రక్కగోడపై నాలుగంకెలు చూపెను: 2317. అనగా 2017వ సంవత్సరమున 23వ వారమందు తయారైన టైరు. ఏండ్ల తరబడి యెండకు కాగి, రబ్బరు బిఱుసెక్కినది. అది తడి తారును పట్టుకొనజాలదు. టైరుకు గళ్ళ యరుగుదలయే గాక వయస్సుకూడ గలదని మాకు నాడు తెలిసెను.

మఱియొక సంగతియు తెలిసెను. ఫోర్ వీల్ శక్తి బండిని లాగుటకే గాని నిలుపుటకు గాదు. బురదలో దిగబడినప్పుడు నాలుగు చక్రములును లాగి బయట వేయును. బ్రేకు వేసినప్పుడు మాత్రము అన్ని బండ్లవలెనే టైరును నేలయు పట్టుకొన్నంత పట్టే ఆధారము. ఒక్కొక్క టైరు నేలను తాకు చోటు రమారమి అరచేయి యంత. ఇంటిల్లిపాది ప్రాణములును ఆ నాలుగరచేతులపై నుండును.

ఇక యెంపిక. ఈ బండ్లకు టైర్లు ముఖ్యముగా మూడు తెగలు. తారురోడ్డునకు తగినవి హెచ్.టి.; వీని గళ్ళు సన్నములు, చప్పుడు తక్కువ, తడిలో పట్టు మేలు. బురదకు తగినవి ఎమ్.టి.; వీనికి పెద్ద పెద్ద దిమ్మలుండును, నడుమ చాళ్ళు లోతు. ఇవి బురదను విదిల్చుకొని నడచును గాని తారుపై రొద చేయును, త్వరగా నరుగును, తడి తారుపై బ్రేకు వేసినప్పుడు తొందరగా నిలువవు. రెంటికిని నడిమివి ఏ.టి. మా మరిది దిమ్మల టైర్లపై మనసు పెట్టుకొనెను. వానితో బండి సింహమువలె కనబడునట. మేము వాదింపక, ఒక నెల బండి తిరిగిన త్రోవల లెక్క వ్రాసి చూపితిమి. జనగామకు పోవునది జాతీయ రహదారి. భూపాలపల్లికి పోవునదియు తారే. మట్టిత్రోవ పొలమునకు పోవు రెండు కిలోమీటర్లే. ఆ కాగితము చూచి యతడే ఏ.టి. టైర్లకు సమ్మతించెను. కొత్తగూడ, గంగారము మండలముల యడవిపల్లెలకు వానలలో నిత్యము తిరుగువారి లెక్క వేఱుగా నుండవచ్చును. ఎవరి త్రోవకు తగినది వారు కొనవలెను.

పిమ్మట కొలత. మా టైరుపై 235/65 ఆర్ 17 104 హెచ్ అని యుండెను. 235 మిల్లీమీటర్లు వెడల్పు. ప్రక్కగోడ యెత్తు ఆ వెడల్పులో నూటికి 65 పాళ్ళు. ఆర్ అనగా రేడియల్. 17 అంగుళములు లోపలి యినుపచక్రము. 104 అనగా ఒక్క టైరు 900 కిలోల బరువు మోయును. హెచ్ అనగా గంటకు 210 కిలోమీటర్ల వేగమువఱకు తాళును. బరువు సంఖ్యయు వేగపు టక్షరమును బండి చేసినవారు చెప్పినదానికంటె తగ్గరాదు. బండితో నిచ్చిన పుస్తకములో నివి యుండును.

ఒక్కటి చెడినచో ఒక్కటే మార్చుట పొదుపని మేమును తలచితిమి. కాని వృత్తపద్యమునకు నాలుగు పాదములును ఒక్క గణక్రమముననే నడువవలెను గదా! మూడు పాదములు శార్దూలమై నాలుగవది మత్తేభమైనచో నది పద్యము గాదు. ఈ బండియు నంతే. 8 మిల్లీమీటర్ల గళ్ళుగల క్రొత్త టైరుకంటె 2 మిల్లీమీటర్ల కరిగిన టైరు చుట్టుకొలతలో చిన్నది. మా కొలత టైరైనచో కిలోమీటరునకు రమారమి ఏడు చుట్లు ఎక్కువ తిరుగవలసి వచ్చును. ఫోర్ వీల్ వేసినప్పుడు మా బండివంటి వానిలో ముందిరుసును వెనుక యిరుసును ఒక్క వేగమునకు కట్టుబడును. ఆ తేడా యంతయు గేరుపెట్టెపై పడి పండ్లను కొఱుకును. కావున నాలుగును ఒక్క కొలతవి, ఒక్క తెగవి, ఒక్కసారి కొనుట మేలు. పిమ్మట ఎనిమిది పదివేల కిలోమీటర్లకొకసారి స్థానములు మార్పించినచో సమముగా నరుగును. టైర్లు సమముగానున్నను పొడి తారుపై ఇట్టి బండికి ఫోర్ వీల్ వేయరాదు; మలుపులలో ముందు చక్రములు వెనుకవానికంటె ఎక్కువ దూరము పోవలెను గనుక.

దుకాణమున చూడవలసినవి: ఐ.ఎస్.ఐ. ముద్ర, తయారైన వారము, సంవత్సరము, చేతికి బిల్లు. అరుగుదలకు గుర్తుగా చాళ్ళ యడుగున 1.6 మిల్లీమీటర్ల చిన్న గట్లుండును. గళ్ళు వానితో సమమైనచో టైరు మార్చవలసినదే. వానకాలమునకు ముందే మార్చుట యింకను మంచిది.

తుదకొక మాట. ఎంత మంచి టైరైనను వాగు దాటుటకు గాదు. 2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి చెంతనున్న మోరంచపల్లిని ముంచినది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాదు జిల్లాలో ఆకేరువాగు కారును కొట్టుకొనిపోగా ప్రాణములు పోయినవి. రెండడుగుల ప్రవాహము పెద్ద బండిని సైతము లేపి తీసికొనిపోగలదు. టైరులోని గాలియు నీట తేలుటకే తోడ్పడును. వాగు పాఱునప్పుడు వెనుకకు మరలుమని చెప్పుటకు వెనుక సీటువారు జంకరాదు.

క్రొత్త టైర్లు వచ్చిన పిదప గాలి కొలుచు పుల్ల యొకటి కొని వంటింటి గూటిలో నుంచితిమి. మొదటి తేదీన పాలలెక్క చూచిన పిమ్మట, బండి కదలకమున్నే, టైర్లు చల్లగానున్నప్పుడు, స్టెప్నీతో గూడ అయిదింటికిని గాలి చూచుచున్నాము. తలుపు ప్రక్కనున్న చీటీలోని యంకెకు తగ్గినచో మరిదిని పిలుతుము. అతడిప్పుడు నవ్వుట మాని, పుల్ల తానే తీసికొని పోవుచున్నాడు.