పాత టీవీ గేముల పునరాగమనం: కొనదగినదేనా? – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పాత వీడియో గేమ్ యంత్రాలు కొత్త రూపంలో మళ్లీ విపణిలోకి వస్తున్నాయి. వాటిని కొనడం సమంజసమా అనే ప్రశ్నను పాఠపరిష్కరణ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. హైదరాబాదు తూర్పు ప్రాంతంలో 1990ల తరం ఆడిన ‘క్యాసెట్ గేము’ను ఆధారంగా తీసుకొని, ఆడుకోవడానికి తగిన ప్రతి వేరని, అధ్యయనానికి తగిన ప్రతి వేరని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: టీవీ గేము, క్యాసెట్, ప్రతి, పాఠాంతరం, కాపీరైట్, సైదాబాద్.

1. ఉపోద్ఘాతం:
సైదాబాదులో మా పాత ఇంటి అటక సర్దుతున్నప్పుడు ఒక అట్టపెట్టె బయటపడింది. అందులో రంగు మారిన టీవీ గేము, రెండు రిమోట్లు, ఒక ప్లాస్టిక్ తుపాకీ, ఐదు క్యాసెట్లు ఉన్నాయి. అదే వారం దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక దుకాణంలో టీవీకి తగిలించుకొనే చిన్న గేమ్ స్టిక్ కనిపించింది. పెట్టెమీద పదివేల ఆటలని ముద్రించి ఉంది. పాతది పారేసి కొత్తది కొంటే సరిపోతుందని ఇంట్లోవాళ్లు అన్నారు. ఆ మాటలో ఒక ఊహ దాగి ఉంది: రెండూ ఒకటేనని. ఆ ఊహ ఎంతవరకు నిజమో తేల్చుకోకుండా కొనుగోలు గురించి నిర్ణయించలేం.

2. మనకు చేరిన ప్రతి:
జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ ‘ఫ్యామికామ్’ యంత్రాన్ని 1983లో విడుదల చేసింది. అదే యంత్రం రూపం మార్చుకొని ‘ఎన్‌ఈఎస్’ పేరుతో 1985లో అమెరికాకు చేరింది. మన దేశంలో విదేశీ యంత్రాలు సామాన్యులకు అందలేదు. నింటెండోకు పోటీదారైన సెగా సంస్థ 80 శాతం దిగుమతి సుంకాన్ని తప్పించుకోవడానికి 1995లో షా వాలెస్ సంస్థతో ఒప్పందం చేసుకొని తన ‘మెగా డ్రైవ్’ను ఇక్కడ అమ్మింది. అప్పటికీ దాని ధర 18,000 రూపాయలు. మధ్యతరగతి కుటుంబానికి అది చాలా పెద్ద మొత్తం.

అందువల్ల మన ఇళ్లకు చేరినవి ఎక్కువగా ఫ్యామికామ్‌ను అనుకరించిన యంత్రాలే. వాటిలో చాలావాటికి అసలు యంత్రంలోని వేర్వేరు చిప్పుల పనంతా ఒకే చిప్పు చేస్తుంది. క్యాసెట్లలోని ఆటల్లో తయారీదారు పేరు చెరిపేయడం, శీర్షిక మార్చడం, ఒకే ఆటను వేర్వేరు పేర్లతో పట్టికలో చేర్చి సంఖ్య పెంచడం సాధారణం. తాళపత్ర ప్రతుల్లో లేఖకులు చేసిన మార్పులు మనకు తెలిసినవే. ఇవీ అటువంటి పాఠాంతరాలే. ఆట మొదలు కాకపోతే క్యాసెట్ తీసి ఊది మళ్లీ పెట్టడం, ‘లైఫ్ పోయింది’ అనడం ఈ ప్రతి చుట్టూ పెరిగిన ఆచారమూ పదజాలమూ.

3. పునరాగమనం – మూడు రకాలు:
మొదటి రకం సంస్థలే వెలువరించిన చిన్న యంత్రాలు. నింటెండో 2016లో 30 ఆటలతో ‘ఎన్‌ఈఎస్ క్లాసిక్’ను, సోనీ 2018లో 20 ఆటలతో ‘ప్లేస్టేషన్ క్లాసిక్’ను, సెగా 2019లో 42 ఆటలతో ‘మెగా డ్రైవ్ మినీ’ని తెచ్చాయి. ఇవి పరిష్కృత ముద్రణల వంటివి. అయితే పరిష్కర్త ఎంచుకున్న పాఠాన్ని బట్టే ముద్రణ విలువ ఉంటుంది. ప్లేస్టేషన్ క్లాసిక్‌లోని 20 ఆటల్లో 9 ఐరోపా టీవీలకోసం చేసిన, కొంత నెమ్మదిగా నడిచే పాఠాలు కావడం తీవ్ర విమర్శకు గురైంది.

రెండవ రకం పాత క్యాసెట్లను స్వీకరించే కొత్త యంత్రాలు. 2023లో వచ్చిన ‘అటారీ 2600 ప్లస్’ ఇటువంటిదే. కాని అది అటారీ క్యాసెట్లకే పనికొస్తుంది. మన క్యాసెట్లకు ఫ్యామికామ్ పద్ధతిలో 60 పిన్నులుంటాయి, ఎన్‌ఈఎస్ క్యాసెట్లకు 72. రెండు రకాలనూ తీసుకొనే ‘అనలాగ్ ఎన్‌టీ మినీ’ 2017లో వచ్చినా దాని ధర అప్పట్లో 449 డాలర్లు.

మూడవ రకం అనుమతి లేని గేమ్ స్టిక్. దిల్‌సుఖ్‌నగర్ దుకాణంలో చూసినది ఇదే. చవకగా దొరుకుతుంది. దీనిలోని ఆటల సంఖ్య మాత్రం పాత క్యాసెట్లమీది సంఖ్యలాగే నమ్మదగినది కాదు.

4. తిరిగి రానివి:
ఎన్‌ఈఎస్ క్లాసిక్‌లో ‘సూపర్ మారియో బ్రదర్స్’ ఉంది, మన పిల్లలు ఎగబడి ఆడిన ‘కాంట్రా’ లేదు. దాని తరువాతి భాగమైన ‘సూపర్ సి’ మాత్రమే ఉంది. బాతులను కాల్చే ‘డక్ హంట్’ కూడా లేదు. దీనికి సాంకేతిక కారణం కనిపిస్తుంది. తుపాకీ మీట నొక్కగానే తెర క్షణకాలం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని చతురస్రం మెరుస్తుంది. తుపాకీలోని కాంతిగ్రాహకం దానిని గుర్తిస్తుంది. ఈ గణన పాత పిక్చర్ ట్యూబు టీవీ వేగంపై ఆధారపడింది. ఎల్‌సీడీ తెరలో బొమ్మ ఆలస్యంగా మారుతుంది కాబట్టి గురి తప్పుతుంది. అంటే ఆట, తుపాకీ, టీవీ కలిసి ఒకే పాఠం. అందులో ఒకటి మారితే మిగిలినవి చెదిరిపోతాయి.

5. చట్టం దృష్టిలో:
భారత కాపీరైట్ చట్టం (1957) సెక్షన్ 2(ఓ) ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాము ‘సాహిత్యకృతి’ పరిధిలోకి వస్తుంది. సాహిత్య విద్యార్థులు గమనించదగిన విషయమిది. సెక్షన్ 52(1)(ఏఏ) చట్టబద్ధంగా ప్రతిని కలిగినవారికి, నష్టంనుంచి రక్షణకోసం అదనపు ప్రతి తీసుకొనే వెసులుబాటు ఇస్తుంది. అనుమతి లేని ప్రతులను అమ్మడానికి ఈ వెసులుబాటు వర్తించదు.

6. ముగింపు:
సి.పి. బ్రౌన్ పలు ప్రతులను సేకరించి, పోల్చి, వేమన పద్యాలను 1829లో ప్రచురించారు. ముద్రణ వచ్చినంత మాత్రాన ప్రతుల విలువ తరగలేదు. ఇక్కడా అదే సూత్రం వర్తిస్తుంది. ఆడుకోవడమే లక్ష్యమైతే యంత్రం కొననవసరం లేదు. ఉదాహరణకు, కొనామీ సంస్థ 2019లో వెలువరించిన ‘కాంట్రా యానివర్సరీ కలెక్షన్’ను కంప్యూటరులోనే చట్టబద్ధంగా కొనుక్కోవచ్చు. పొందికగా అమర్చిన ఆటల సంపుటి కావాలనుకొనేవారికి మొదటి రకం యంత్రం తగినది, ఆటల పట్టిక చూసుకొని కొనాలి. గేమ్ స్టిక్ కొనదగినది కాదు.

అయితే సంస్థలు పునరుద్ధరిస్తున్నది తమ చరిత్రను, మన బాల్యాన్ని కాదు. మన ఇళ్లలో నడిచిన అనుకరణ యంత్రానికి చట్టబద్ధమైన సొంతదారు లేడు కనుక దానిని తిరిగి వెలువరించేవారూ ఉండరు. దాని ఆధారాలు అటకలమీద, దాని పదజాలం ఆ తరం నోళ్లలో మాత్రమే మిగిలాయి. ఇళ్లు కూల్చి అపార్ట్‌మెంట్లు కడుతున్న సైదాబాద్ వంటి చోట్ల ఆ అట్టపెట్టెలు ముందుగా చేరేది పాత సామాను కొనేవాడి బండిమీదికే. వాటిని ఫొటో తీసి, ఆటల పట్టిక రాసి, ఆడినవారి మాటలు నమోదు చేయడం జానపద క్రీడలను సేకరించే పరిశోధకులకు కొత్త పని కాదు. మా పెట్టెతో ఆ పని ప్రారంభించాను. ఐదు క్యాసెట్లలో మూడు ఇంకా పనిచేస్తున్నాయి.