కాన్పు మాట ఏడో నెలలోనే మాట్లాడుకుందాం



వైద్య సహాయం కోరుతూ మా సంస్థకు వచ్చే దరఖాస్తుల్లో కాన్పు ఖర్చులవి ఎప్పుడూ ఉంటాయి. అవి ఎక్కువగా కాన్పు అయిపోయి, బిల్లు చేతికి వచ్చాక రాసినవే. చేతనైనంత సాయం చేస్తాం. కానీ ఆ తల్లి ఎక్కడ కనాలనుకుంది, ఎవరు పక్కన ఉండాలనుకుంది అని అప్పుడు అడిగి ప్రయోజనం లేదు. ఆ మాట ఏడో నెలకల్లా ఇంట్లో జరగాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. కాబట్టి ఇంట్లోనా, ఆసుపత్రిలోనా అనే ప్రశ్న దాదాపు తీరిపోయింది. మిగిలింది ఏ ఆసుపత్రి, ఎలాంటి కాన్పు అన్నదే. అదే సర్వేలో మన రాష్ట్రంలో సిజేరియన్లు 42 శాతం. ప్రైవేటు ఆసుపత్రుల్లో 63 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో సుమారు 27 శాతం. దేశం మొత్తం మీద చూస్తే 21.5 శాతమే.

సిజేరియన్ చెడ్డదని మేము అనడం లేదు. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ దారికి అడ్డంగా ఉన్నా, బిడ్డ గుండె చప్పుడు తగ్గిపోతున్నా ఆ ఆపరేషనే రెండు ప్రాణాలు కాపాడుతుంది. అప్పుడు వద్దని మొండికేయకూడదు. ఆపరేషన్ అయిన కోడలిని చిన్నచూపు చూడకూడదు. అయితే అవసరం లేకుండా చేయించుకుంటే తల్లి కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది, తర్వాతి కాన్పుల్లో చిక్కులు పెరుగుతాయి.

చాలామంది ఆడపిల్లలు ఆపరేషన్ అడిగేది నొప్పుల భయంతోనే. ఆ భయానికి మొదటి మందు తోడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచనల్లో ఇది ముఖ్యమైనది: కాన్పు సమయంలో తల్లి కోరుకున్న మనిషి ఆమె పక్కన ఉండాలి. నడవనివ్వాలి, తాగనివ్వాలి, ఆమెకు అనువైన భంగిమలో ఉండనివ్వాలి. గర్భాశయ ద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకునే దాకా నొప్పులు నెమ్మదిగా సాగవచ్చని, తల్లీబిడ్డా బాగున్నప్పుడు ఆలస్యం ఒక్కటే చూసి తొందరపడవద్దని కూడా అందులో ఉంది.

దివ్య ఖుర్ఆన్‌లోని సూరహ్ మర్యమ్‌లో ఖర్జూర చెట్టు మొదట ఒంటరిగా నొప్పులు పడుతున్న హజ్రత్ మర్యమ్ (అలైహిస్సలామ్) ప్రస్తావన మనందరికీ తెలుసు. ఆ తల్లికి అల్లాహ్ ప్రసాదించినవి ఊరట మాట, నీటి ఊట, తాజా ఖర్జూరాలు. మన ఇళ్లలో నొప్పులు పడే బిడ్డకు మనం ఇవ్వగలిగినవీ అవే.

మన గార్లదిన్నె వారికి దారులు

గార్లదిన్నె ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలనెలా పరీక్షలు మొదలుపెట్టండి. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెల 9న గర్భిణులను డాక్టర్లు ఉచితంగా చూస్తారు. హైవే మీద సుమారు 20 కిలోమీటర్ల దూరంలో అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. అనంతపురం దాటి వెళితే బత్తలపల్లిలో ఆర్‌డీటీ ఆసుపత్రి ఉంది. ముందు సిజేరియన్ అయినవారు, కవలలు ఉన్నవారు, బీపీ లేదా రక్తహీనత బాగా ఉన్నవారు ఆపరేషన్, రక్తం రెండూ అందుబాటులో ఉన్న పెద్దాసుపత్రినే ఎంచుకోవాలి.

2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, తిండి అన్నీ ఉచితం. వెళ్లడానికి 108, బిడ్డతో తిరిగి రావడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉన్నాయి.

ఒక చిన్న మాట: ఐరన్ మాత్రను చాయ్‌తో కలిపి వేసుకోవద్దు, ఒంటికి సరిగా పట్టదు. రాగి సంగటి, ఆకుకూరలు మంచివే గాని మాత్ర మానడానికి అవి సాకు కాకూడదు.

ఆసుపత్రిలో ముందే అడగవలసినవి

1. కాన్పు గదిలో అమ్మనో అక్కనో పక్కన ఉండనిస్తారా?
2. మహిళా డాక్టర్ ఉంటారా? తెర ఉంటుందా? (ఈ సంకోచంతో పరీక్షలే మానుకునే ఆడవాళ్లు మనలో ఉన్నారు. అడిగితే పోయేదేమీ లేదు.)
3. నొప్పుల్లో నడవవచ్చా, నీళ్లు తాగవచ్చా?
4. ఆపరేషన్ అవసరమైతే కారణం మాకు వివరిస్తారా? రక్తం ఎక్కడ దొరుకుతుంది?
5. మొదటి గంటలోనే బిడ్డకు తల్లిపాలు పట్టిస్తారా? బిడ్డ తల్లి గుండె మీద ఉండగానే చెవిలో అజాన్ చెప్పుకోవచ్చా?

జవాబులు విన్నాక ఏది కావాలో ఆ అమ్మాయినే చెప్పనివ్వండి. భర్త, అత్తమామలు ఆమె మాటకు అండగా నిలవాలి. పరిస్థితి మారితే డాక్టర్ సలహా ప్రకారం నిర్ణయం మార్చుకోవాలి.

దాతలకు మా విన్నపం ఒక్కటే. బిల్లు కట్టడంతో పాటు దానికి ముందరి అవసరాలకూ మీ సాయం కావాలి. అర్ధరాత్రి 108 ఆలస్యమైతే ఆటో ఖర్చు, కూలి మానుకుని తోడు వెళ్లే అమ్మకు రెండు మూడు రోజుల తిండి ఖర్చు, పిలిస్తే వచ్చి రక్తం ఇచ్చే యువకులు. ఇవి చిన్న మొత్తాలే. అర్హులకు జకాత్ నుంచి, ఇతరులకు సదఖా నుంచి ఇవ్వవచ్చు. పేదింటి తల్లికి కూడా ఎంచుకునే హక్కు చేతికి అందేది ఈ ఏర్పాట్లు ఉన్నప్పుడే.

మన బిడ్డలందరికీ అల్లాహ్ సుఖ ప్రసవం ప్రసాదించుగాక, మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.