పాతబస్తీ ఇల్లు, ఆన్‌లైన్‌లో ఈసీ నిల్: టోకెన్ ఇవ్వొచ్చా?

మొన్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, శాలిబండ లోపల గల్లీలో 90 గజాల ఇల్లు చూశాను. ఆన్‌లైన్‌లో ఈసీ తీస్తే నిల్ వచ్చింది. క్లియర్ కదా, టోకెన్ ఇచ్చేయనా?" అన్నాడు. ఇప్పుడే ఇయ్యకు అన్నాను. ఎందుకో చెప్పడానికే ఈ ఎపిసోడ్. ఏజెంట్‌గా కొత్తగా దిగినవాళ్లకీ, సొంతానికి ఇల్లు వెతుక్కునేవాళ్లకీ పనికొస్తుంది.

కొండాపూర్ వైపు అయితే లిస్టింగ్ సైట్ తెరిస్తే ఫొటోలు, రేటు, రెరా నంబర్ అన్నీ ముందే కనిపిస్తాయి. పాతబస్తీలో మంచి ఇల్లు సైట్ దాకా చాలాసార్లు రానే రాదు. ఇరానీ హోటల్‌లో చాయ్ దగ్గరో, పెళ్లి దావత్‌లోనో మాట బయటికొస్తుంది, అక్కడే బేరం కూడా తెగిపోతుంది. అందుకే ఇక్కడ ఇల్లు దొరకడానికి ఆన్‌లైన్ టూల్స్ పెద్దగా అక్కర్లేదు. మాట విన్నాక ఆ ఇల్లు ఎవరిది, దాని మీద ఏమేం ఉన్నాయి అని తవ్వడానికి కావాలి.

మొదటి అడుగు డోర్ నంబర్. 20-4, 23-1 ఇలా మొదలవుతుంది కదా, అందులో వార్డు, బ్లాక్, తర్వాత ఇల్లు. ఆ నంబర్‌తో జీహెచ్‌ఎంసీ ప్రాపర్టీ ట్యాక్స్ పేజీలో వెతికితే పీటీఐఎన్, బిల్లు ఎవరి పేరు మీద ఉందో, ఎంత బకాయి ఉందో తెలుస్తాయి. ఆ పేరు ఎప్పుడో చనిపోయిన తాతది కావచ్చు. ట్యాక్స్ కడుతున్నంత మాత్రాన ఓనర్ అయిపోరు, అది గుర్తుంచుకోండి.

తర్వాత రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో ఈసీ. ఆన్‌లైన్‌లో 1983 నుంచి ఉన్న రికార్డే వస్తుంది. అంతకు ముందుది కావాలంటే ఆ ఏరియా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి పోవాల్సిందే. నేను కోడ్ రాసి బతికినోణ్ణి కాబట్టి నాకు ఇది ప్రైమరీ కీ లేని డేటాబేస్ లాగా కనిపిస్తుంది. ట్యాక్స్‌కి పీటీఐఎన్, ఈసీకి ఇంటి నంబర్, టౌన్ సర్వేకి టీఎస్ నంబర్. ఒకదానితో ఒకటి కలిపే తీగ లేదు. పైగా శాలిబండని షాలిబండ, షా అలీ బండా అని ఎన్ని రకాలుగా రాశారో! మొఘల్‌పురా సంగతీ అంతే. కాబట్టి కొత్త నంబర్‌తో, పాత నంబర్‌తో, స్పెల్లింగ్ మార్చి మార్చి వెతకండి. ఒక్క ఎంట్రీ దొరికినా అందులో నాలుగు వైపుల హద్దులు ఉంటాయి, పక్కింటివాళ్ల పేర్లు ఉంటాయి. ఆ పక్కింటి నంబర్లతో కూడా ఈసీ తీయండి. వాళ్ల డాక్యుమెంట్‌లో మీ ఇంటిని ఎవరిదని రాశారో చూడండి. నాకు ఎక్కువ సమాచారం దొరికింది ఇక్కడే.

ఇప్పుడు నిల్ సంగతి. మీరు కొట్టిన నంబర్ మీద, మీరు అడిగిన సంవత్సరాల్లో, రిజిస్టర్ అయిన కాగితం దొరకలేదు. నిల్‌కి అర్థం అంతే. రిజిస్టర్ కానివి దానికి తెలియవు. పాతబస్తీలో అవే ఎక్కువ తలనొప్పి.

హిబా తీసుకోండి. మామూలుగా స్థిరాస్తి గిఫ్ట్ ఇస్తే రిజిస్టర్ చేయాలి. కానీ ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 129 ముస్లిం గిఫ్ట్‌లకి ఆ రూల్ నుంచి మినహాయింపు ఇచ్చింది. ఇస్తున్నానని చెప్పడం, అవతలివాళ్లు ఒప్పుకోవడం, స్వాధీనం ఇవ్వడం, ఈ మూడూ జరిగితే నోటిమాటగా కూడా చెల్లుతుంది. 2011లో హఫీజా బీబీ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది, దాని గురించి రాసుకున్న కాగితాన్ని రిజిస్టర్ చేయక్కర్లేదంది. అంటే మీతో ఇద్దరు అన్నదమ్ములు బేరం మాట్లాడుతుంటారు, "మేడ మీద పోర్షన్ అబ్బా నాకు హిబా ఇచ్చారు" అని చెల్లెలు తర్వాత వస్తుంది. ఆమె చెప్పేది నిజమే కావచ్చు. హిబా లేకపోయినా, తండ్రి చనిపోతే కొడుకు వాటాలో సగం కూతురికి, పిల్లలున్నా భార్యకి ఎనిమిదో వంతు వస్తాయి. వారసత్వానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కాబట్టి ఇదీ ఈసీలో కనబడదు. కొడుకుల సంతకాలతో కొన్న ఇల్లు సగంలో ఆగిపోయేది ఇలాగే. మనకి డబ్బు పోతుంది, ఆమెకి ఇల్లే పోతుంది.

రెండోది నోటరీ ప్రాపర్టీ. చిన్న చిన్న ఇళ్లు స్టాంప్ పేపర్ మీద రాసి, నోటరీ ముద్ర కొట్టించి, చేతులు మారుతూనే ఉంటాయి. అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, నోటరీ ముద్రతో టైటిల్ రాదు. వీటిని సరిచేసుకోవడానికి 2023లో ప్రభుత్వం జీవో 84 ఇచ్చింది, 125 గజాల లోపు స్టాంప్ డ్యూటీ లేకుండా. అందుకే కొందరు బ్రోకర్లు "అయిపోతది సార్, రెగ్యులరైజ్ అయిపోతది" అంటారు. అయ్యిందా, కాగితం చూపించు అనండి. నోటరీ ఇంటికి రేటు తక్కువ ఎందుకు ఉంటుందో అప్పుడు అర్థమవుతుంది.

వక్ఫ్ గురించి: అదే రిజిస్ట్రేషన్ సైట్‌లో 22-ఎ కింద నిషేధిత ఆస్తుల జాబితా ఉంది, చూడండి. ఆ జాబితాలో లేకపోతే అక్కడితో ఆపకండి. గెజిట్‌లో పాత మున్సిపల్ నంబర్ ఉండొచ్చు, కాబట్టి వక్ఫ్ బోర్డులో కూడా అడగాలి. చార్మినార్ దగ్గరైతే ఇంకో లెక్క. రక్షిత కట్టడం నుంచి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషేధం, ఆపై 200 మీటర్లు అనుమతితోనే. మ్యాప్‌లో దూరం కొలవడానికి నిమిషం పట్టదు.

మెట్రో మీద ఆశతో దారుల్‌షిఫా, పురానీ హవేలీ, అలియాబాద్ వైపు తిరిగేవాళ్లు ఉన్నారు. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్లు, పరిహారం గజానికి 81,000 అని అందరూ విన్నారు. వినని మాట ఒకటుంది. 2013 భూసేకరణ చట్టంలో ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక ఆ ఆస్తి మీద లావాదేవీ చేయకూడదు. రోడ్డు వైపు ఇల్లైతే నోటిఫికేషన్‌లో డోర్ నంబర్ ఉందేమో ముందు చూడండి.

ఇక ఈ-కోర్ట్స్‌లో పార్టీ పేరుతో వెతకండి, ట్యాక్స్ బిల్లులో ఉన్న పేరుతోనూ, అమ్ముతున్నవాళ్ల పేరుతోనూ. పేరు స్పెల్లింగ్ ఆట ఇక్కడా తప్పదు.

ఆ తమ్ముడికి చివరికి చెప్పింది ఇది. స్క్రీన్‌షాట్లన్నీ ప్రింట్ తీసి లాయర్‌కి ఇయ్యి. ఒక పెద్దమనిషిని తోడు తీసుకుని ఆ ఇంటికి వెళ్లు, శుక్రవారం మధ్యాహ్నం మాత్రం వద్దు. "అమ్మీజాన్ ఉన్నారా, చెల్లెళ్లు ఎంతమంది, ఎక్కడుంటారు" అని మర్యాదగా అడుగు. పబ్లిక్ నోటీసు ఇంగ్లిష్ పేపర్‌లో ఒక్కటే వేసి వదిలేయకు, సియాసత్ లాంటి ఉర్దూ పేపర్‌లో కూడా వేయించు. వాటా ఉన్న చెల్లెలి ఇంటికి వచ్చేది ఆ పేపరే అయ్యుండొచ్చు.